ఉప్పు డబ్బా మూత

చెల్లెలు గుహలోంచి బయటికి రాలేదన్న కబురు నాకు బడిలో అందింది. ఎనిమిదో తరగతికి ఉక్తలేఖనం చెబుతున్నాను. వాక్యం సగంలో ఉండగా హెడ్మాస్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ గుమ్మంలో నిలబడే మనిషి కాదు, నేరుగా లోపలికి వచ్చేస్తారు. "టీచరుగారూ, ఒకసారి ఆఫీసు గదికి రండి" అన్నారు. పుస్తకం బల్ల మీద బోర్లించి వెళ్లాను. చాలా రోజుల తర్వాత నోటుపుస్తకాలు దిద్దడానికి కూర్చుంటే, పిల్లలందరి పుస్తకాల్లోనూ ఆ సగం వాక్యం అలాగే ఉంది.

ఫోనులో ఉన్నది లైటాయన. చెల్లెలితో నీళ్లలోకి దిగి లైటు పట్టుకునే మనిషి కనుక మా ఇంట్లో అతనికి ఆ పేరే స్థిరపడింది.

"టీచరుగారూ, నేను బయటికొచ్చాను. ఆవిడ ఇంకా రాలేదు" అన్నాడు.

మాటల్ని పట్టి పట్టి చూడటం నా వృత్తి. ఆ 'ఇంకా' అన్న మాటను పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. పొద్దుగూకే ముందు సహాయదళం వాళ్లు చెల్లెల్ని పైకి తెచ్చారు. తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు.

చెల్లెలి పని ఎలాంటిదో చెప్పాలి. సున్నపురాయి నేలల కింద నీరు రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ దారులు చేసుకుంటుంది. వాటిలో కొన్ని మనిషి పట్టేంత పెద్దవి. అంచుదాకా నీళ్లతో నిండి ఉంటాయి. ఊపిరాడక పైకి తేలితే గాలి తగలదు, రాతి కప్పు తగులుతుంది. వెలుతురు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మా చెల్లెలు గాలి సిలిండర్లు కట్టుకుని, కెమెరాను నీరు చొరని అల్యూమినియం పెట్టెలో బిగించి, ఆ దారుల్లోకి వెళ్లి ఫొటోలు తీసేది. పోను పోను సినిమాలు తీసింది. ఆ సినిమాలకు మాటలు నేను రాసేదాన్ని. రాసినదాంట్లో సగం కొట్టేసేది. "అక్కా, ఇది సినిమా. వ్యాసరచన పోటీ కాదు" అనేది.

ఇంట్లో తన పేరు నత్త. అమ్మ పెట్టింది. తను చొక్కా గుండీలు పెట్టుకునేలోపు బడి గంట కొట్టేసేవారు. పాలగ్లాసు ముందు పెట్టుకుంటే మీగడ కట్టి, ఆ మీగడ ఎండిపోయేది. "నా కడుపున నత్త పుట్టింది, ఏం చెయ్యను" అని అమ్మ వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేది. పైగా నీళ్లంటే భయం. నెత్తిన చెంబుడు నీళ్లు పోస్తే నాలుగిళ్ల అవతలికి వినబడేలా ఏడ్చేది.

చదువు అబ్బలేదని నాన్న తనను మా వీధి చివరి ఫొటో స్టూడియోలో చేర్పించారు. ఇరుకు గది. నీలం తెర, మూడు కాళ్ల స్టూలు, గోడకు అద్దం, అద్దం కింద దారానికి కట్టిన దువ్వెన. స్టూడియో ముసలాయన పాస్‌పోర్టు ఫొటో తియ్యడానికి కూడా పెళ్లి ఫొటో తీసినంత హంగు చేసేవాడు. "మీట నొక్కడం ఎవడికైనా వస్తుందమ్మా. ముందు ఫ్రేములో చెత్త తియ్యి" అనేవాడు. చెత్త అంటే, వెనక గోడకున్న మేకు, కుర్చీ కింద చెప్పు, పెళ్లికూతురి పక్కన ఎవరో వదిలేసిన గ్లాసు. ఆ మాట నత్తకు ఒంటబట్టింది. ఇంట్లో ఉత్తపుణ్యానికి ఫొటో తీసినా సరే, ముందు బకెట్టు జరిపేది, తువ్వాలు మడిచేది, అమ్మ చేతిలో గరిటె లాక్కుని పక్కన పెట్టేది. "ఫొటో తీస్తావా, ఇల్లు సర్దుతావా?" అనేది అమ్మ.

నీళ్లలోకి దిగడం కూడా ఆ చెత్త వల్లే. ఊరి బయట వదిలేసిన రాతి క్వారీ ఒకటి నీళ్లతో నిండి ఉండేది. అందులో లారీ ఒకటి పడిపోతే తీయడానికి అగ్నిమాపక దళం నుంచి ఈతగాళ్లు వచ్చారు. అడుగున లారీ ఎలా పడి ఉందో ఫొటోలు కావాలని స్టూడియోకు కబురు చేశారు. ముసలాయన నత్తను పంపాడు. ఒడ్డున నిలబడి, నీరు చొరకుండా కట్టిన కెమెరాను వాళ్ల చేతికిచ్చింది. వాళ్లు తీసుకొచ్చిన ఫొటోల్లో అంతా మసక, బురద, ఎవరిదో కాలు. చూసి, "వీటి నిండా చెత్తే ఉంది. నేను దిగుతాను" అందట.

"ఈత వచ్చా?" అని అడిగాడు ఆ దళంలో కొత్తగా చేరిన మనిషి.

"రాదు. మీరు నేర్పుతారుగా."

నేర్పింది అతనే. అతనే తర్వాత లైటాయన అయ్యాడు. కొన్నేళ్లకు గుహల్లో ఎలా మెలగాలో అతనికి తను నేర్పింది.

నీళ్లలో నత్త గెలిచింది. తొందరపడే మనిషి గాలి ఎక్కువ తాగేస్తాడు. కాళ్లు ఎక్కువ ఆడించి అడుగున పేరుకున్న ఒండ్రును లేపుతాడు. లేచిన ఒండ్రులో ముఖం ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనిపించదు. చెల్లెలు గుహలో ఒక గదిలోకి వెళ్లి వచ్చాక కూడా అక్కడి నీళ్లు తను వెళ్లకముందు ఉన్నంత తేటగానే ఉండేవట. "ఏం నత్తగారూ, ఇవాళ బయటికొస్తామా, రేపొస్తామా?" అని లైటాయన ప్రతిసారీ ఒడ్డున అడిగేవాడు. "గాలి ఉన్నంతసేపు నీకేం తొందర?" అనేది తను.

తన మొదటి సినిమా పెద్దదేం కాదు. ఊరవతల ఒక లోతైన గోతిలో జనం చెత్త, చచ్చిన గొడ్లు పారేసేవారు. ఆ గోతి అడుగు నుంచి నేల కింది దారి పట్టుకుని తను మెల్లగా వెళ్లి, మా మంచినీళ్ల పంపుహౌసు పక్కనున్న ఊటలో తేలింది. దారి పొడవునా తీసింది. ఎముకలు, సీసాలు, ఒక పసివాడి బూటు. ఆ సినిమాను మునిసిపాలిటీ సమావేశపు హాలులో గోడ మీద వేసి చూపించారు. కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. ఆ ఏడాదే గోతి చుట్టూ కంచె పడింది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నేను చెప్పిన పాఠం వల్ల ఒక్క గోతికీ కంచె పడలేదు.

తర్వాత తన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. భూగర్భ శాస్త్రం వాళ్లు పటాలు గీసుకోవడానికి తనను పిలిచేవారు. నేర్చుకోవడానికి ఎక్కడెక్కడినుంచో మనుషులు వచ్చేవారు. ఎంత పేరొచ్చినా తను తీసినవాటిలో ఎక్కడా తను కనిపించదు. కెమెరా వెనకుండే మనిషి కదా.

చివరి సినిమా పేరు 'కొళాయి వెనక'. మా వంటింటి కొళాయిలో నీటి ధారతో మొదలై, ఆ నీరు వచ్చిన దారినే వెనక్కి, పైపుల్లోంచి, పంపుహౌసులోంచి, ఊటలోంచి గుహ లోలోపలికి వెళ్లాలి. మొదటి షాటు తీసిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. స్టాండు మీద కెమెరా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి, పొయ్యి గట్టు మీదున్న ఉప్పు డబ్బా వైపు వేలు చూపించింది. ఆ డబ్బాకు మూత లేదు. ఏళ్ల తరబడి దాని మీద ఒక సాసరు బోర్లించి ఉంటోంది.

"అమ్మా, ఆ సాసరు వేషం ఫ్రేములో వద్దు. జరుపు."

"వేషం నేను వేయించానా? మూత ఏమైందో ముందది చెప్పు. ఈ కొంపలో వస్తువులకు కాళ్లొస్తాయి. మీ నాన్న టార్చి పోయింది. బట్టలారేసే తాడు పోయింది. మూత పోయింది. అన్నీ నడిచి ఎక్కడికెళ్లాయో ఆ దేవుడికి తెలియాలి, ఈ నత్తకి తెలియాలి."

"దేవుణ్ణే అడుగు" అని చెల్లెలు నవ్వి, డబ్బాను తనే జరిపింది.

గుహలకు వెళ్లేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. వాళ్లు గుమ్మం నుంచి సన్నటి నైలాను తాడు పరుచుకుంటూ వెళ్తారు. చూపు పోయినా ఆ తాడు పట్టుకుని బయటపడతారు. రెండు దారులు కలిసే చోట, బయటికి పోయే తాడు మీద ప్రతివాళ్లూ తమ బిళ్ల ఒకటి తగిలిస్తారు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బిళ్ల. వచ్చేటప్పుడు ఎవరిది వాళ్లు తీసుకుంటారు. బిళ్ల ఉందంటే ఆ మనిషి లోపలున్నట్టు. లేదంటే వెళ్లిపోయినట్టు. మరొకరి బిళ్లను ఎవరూ ముట్టుకోరు, ఎన్నేళ్లు అక్కడే ఉన్నా సరే. లైటాయనది నీలం బిళ్ల, రంగు వెలిసినది. చెల్లెలిది తెల్లది.

ఆ రోజు ఏం జరిగిందో లైటాయన మా ఇంటి ముందుగదిలో కూర్చుని చెప్పాడు. రెండు దారులు కలిసే చోట ఇద్దరూ బిళ్లలు తగిలించారు. పక్కదారిలో షాటు తీస్తున్నారు. వాళ్లు వదిలిన గాలి బుడగలు తగిలి కప్పుకు అంటుకున్న మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. అంతా చీకటైపోయింది. కాసేపు తాడు పట్టుకుని అక్కడే ఆగాడు. చుట్టూ తడిమాడు. చెల్లెలు చేతికి తగల్లేదు. తాడు వెంట కూడలి దాకా వచ్చి వేళ్లతో వెతికితే అక్కడ అతని నీలం బిళ్ల ఒక్కటే ఉంది.

అమ్మ గోడకానుకుని నిలబడి అంతా విన్నది.

"జంటగా వెళ్లినవాడివి, ఒక్కడివే ఎలా వచ్చావయ్యా?"

"ఆవిడ బిళ్ల లేదు పెద్దమ్మా. రెండుసార్లు తడిమాను. ముందే వెళ్లిపోయారనుకున్నాను."

"అనుకున్నావు" అంది అమ్మ. వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

బయటికి వచ్చి ఒడ్డున చెల్లెలు లేదని చూసి, అతను మళ్లీ లోపలికి వెళ్లాడు. అప్పటికి ఆలస్యమైపోయింది. తాడుకు అందనంత పక్కగా ఒక రాతి అరలో తను దొరికింది. విచారణ జరిపినవాళ్లు, తోడు వెళ్లిన వ్యక్తి ముందుగా బయటికి వచ్చేశాడని రాసుకున్నారు. బిళ్ల లేదన్న మాటను ఎవరూ నమ్మలేదు. చెల్లెలు బిళ్ల తీసుకుని ఉంటే అది తన ఒంటి మీద ఉండాలి, లేదు. అతను భయపడి పారిపోయి వచ్చి కథ అల్లాడని గుహల్లో దిగేవాళ్లలోనే అనుకున్నారు. అతను ఎవరికీ జవాబు చెప్పలేదు. నీళ్లలోకి దిగడం మానేశాడు. రెండుమూడుసార్లు మా ఇంటికి వచ్చాడు. అమ్మ వీధి తలుపు తెరవలేదు. నేను మెట్ల మీదకు వెళ్లి మాట్లాడి పంపించాను.

విచారణ ముగిశాక చెల్లెలి వస్తువులు తిరిగి ఇచ్చారు. ఒక గోనెసంచి, దానిలో కెమెరా పెట్టె. పెట్టె బయట గీతలు పడ్డాయి. లోపలికి మాత్రం చుక్క నీరు పోలేదు. దాన్ని విప్పడం తెలిసిన మనిషి లైటాయన ఒక్కడే. అతనికి ఫోను చేశాను.

చెల్లెలి పనిగది సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఉండేది. ఇనుప మెట్లెక్కాలి. నేను తలుపు తీసేసరికి రబ్బరు వాసన, తడి ఆరని బట్టల వాసన. తన నల్లటి రబ్బరు సూటు తగిలింపు కొయ్యకు వేలాడుతోంది. భుజాలు, మోచేతులు తన ఒంపులోనే ఉన్నాయి. గోడ వారగా సిలిండర్లు, కిటికీలో వరసగా లైట్లు, రీళ్లకు చుట్టిన తెల్ల తాళ్లు. వాటిలో ఒకటి మా బట్టలారేసే తాడు. నేను గుర్తుపట్టాను.

లైటాయన పెట్టె విప్పి, కార్డు తీసి, కంప్యూటరుకు పెట్టాడు. కుర్చీలో కూర్చోలేదు, అది చెల్లెలిది. నిలబడే నడిపాడు.

తెర మీద ఆ కూడలి కనిపించింది. ఎదురుగా పక్కదారి నోరు, నల్లగా. చెల్లెలు కెమెరాను రాతి మీద కదలకుండా పెట్టింది. బుడగల చప్పుడు వినిపిస్తోంది. అది తన ఊపిరి అని నాకు వెంటనే తట్టలేదు. ఎడమపక్క తాడు మీద రెండు బిళ్లలు. నీలంది నీడలో కలిసిపోయింది. తెల్లది లైటు పడి కంట్లో పొడిచినట్టు మెరుస్తోంది. షాటు అంతటిలోనూ కన్ను దాని మీదికే పోతోంది.

అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. నల్ల తొడుగున్న చెయ్యి. తొందర లేకుండా తెల్ల బిళ్లను తాడు నుంచి తప్పించి, కుడివైపు తీసుకుపోయింది. ఫ్రేము శుభ్రమైంది. లోపలున్న లైటాయనకు సైగగా తన లైటు రెండుసార్లు ఆరి వెలిగింది. పక్కదారి లోపల ఎక్కడో చిన్న వెలుగు పుట్టింది. అది పెద్దదవుతూ, నీళ్లు తేనెరంగులోకి తిరుగుతూ, రాతి గోడల మడతలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. అంత అందమైన దృశ్యం తను అంతకుముందు తీయలేదు. తర్వాత కెమెరా లేచి ఆ వెలుగు వైపు లోపలికి వెళ్లింది. ఇంకాసేపటికి పైనుంచి గోధుమరంగు వాన మొదలైంది. ఆపైన అంతా గోధుమరంగే.

లైటాయన ఆపేశాడు.

"కుడివైపు ఇంకో తాడుంది. ఇంకా లోపలికి పోయే దారి. మలుపు అవతల దానికి తగిలించి ఉంటారు" అన్నాడు. "షాటు అయ్యాక మళ్లీ తెచ్చి పెట్టేద్దామని. అప్పటికి నేను పక్కదారి లోపలున్నాను. నాకు తెలియదు. వెతకడానికి వచ్చినవాళ్లు ఆ మలుపు దాకా పోనేలేదు."

 కింద కొట్లో ఎవరో చక్రం తిప్పుతూ రిమ్ము మీద సుత్తితో కొడుతున్నారు.

"మీ మీద పడ్డ మాట పోతుంది" అన్నాను.

"ఆ ముక్క తీసేద్దాం టీచరుగారూ."

"ఏ ముక్క?"

"చెయ్యి. చెయ్యి పోయేదాకా కోసేస్తే షాటు నిలుస్తుంది. సినిమా ఆగదు. ఆ చెయ్యి ఉందని మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు."

"మీరు పారిపోయి వచ్చారనే అనుకుంటారు."

"అనుకోనివ్వండి, అలవాటైపోయింది." తెర వైపు చూడకుండా అన్నాడు. "నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటిరోజు ఆవిడ ఒకే మాట చెప్పేవారు. బయటికొచ్చేటప్పుడు తప్ప బిళ్ల జోలికి పోవద్దు, నీదైనా సరే. ఇప్పుడు వాళ్లందర్నీ కూర్చోబెట్టి ఈ చెయ్యి చూపిస్తారా? ఫ్రేములో చెత్త ఉండకూడదని ఆవిడే అనేవారు కదా."

"ఆ చెయ్యి చెత్త కాదు" అన్నాను.  ఎక్కడ కొయ్యాలన్నది ఇద్దరి మధ్య అలాగే ఉండిపోయింది. సినిమాను తను తలపెట్టినట్టు పూర్తి చేయాలనే నా ఆశ. పూర్తి చేస్తే, తప్పు ఎవరిదో కూడా అందులోనే చెప్పాలి, లేదా దాచాలి.

"అమ్మ చూడాలి" అన్నాను చివరికి.

"పెద్దమ్మకొద్దు. వద్దండీ."

కానీ నేను వెళ్లి తీసుకొచ్చాను. అమ్మ ఇనుప రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. "నత్త తల్లిని కదా, ఇలాగే ఎక్కుతాను" అంది. గుమ్మంలో లైటాయనను చూసి ఆగిపోయింది. వెనక్కి తిరుగుతుందేమో అనుకున్నాను. లోపలికి వచ్చి, చెల్లెలి కుర్చీలో కూర్చుంది. అతను కంప్యూటరు మీట నొక్కాడు.

"ఆ తెల్లగా మెరిసేదేమిటి?" అంది.

"అదేనమ్మా బిళ్ల. చెల్లిది."

"ఏదీ, దగ్గరగా చూపించు."

లైటాయన బొమ్మను ఆపి పెద్దది చేశాడు. గుండ్రటి బిళ్ల. అంచు కత్తిరించి, పక్కల రెండు గాట్లు పెట్టి ఉంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఒక పువ్వు.

అమ్మ ముందుకు వంగింది. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"అది నా ఉప్పు డబ్బా మూత" అంది.

 "వెయ్యి, ఆపావెందుకు" అంది. చెయ్యి వచ్చింది. మూతను తీసుకుంది. వెళ్లిపోయింది. మళ్లీ వెయ్యమంది. మళ్లీ వేశాడు. నేను కూడలి గురించి, రెండో తాడు గురించి చెప్పబోయాను. అమ్మ అరచెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"జరిపింది. ఫొటోలో బాగోలేదని జరిపింది. నేను చూడందా ఆ చెయ్యి?" అంది. తర్వాత లైటాయన వైపు తిరిగింది. అన్ని నెలల్లో అమ్మ అతని ముఖం చూడటం అదే మొదలు. "నువ్వు తడిమినప్పుడు ఇది అక్కడ లేదు."

"లేదు పెద్దమ్మా."

"ఉండి ఉంటే?"

"ఉంటే అక్కణ్ణుంచి కదిలేవాణ్ణి కాదు."

అమ్మ తల ఆడించింది. ఒడిలో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

"ఆ చెయ్యి తీసేద్దామంటున్నాను పెద్దమ్మా" అన్నాడు అతను. "సినిమాలో ఉండొద్దు. ఆవిడ పేరు..."

"ఉంచు." అమ్మ గొంతు పెద్దదేమీ కాదు. "ఇన్ని సినిమాలు తీసింది, ఒక్కదాంట్లోనన్నా అది కనబడిందా? ఇంత బతుకులో దాని చెయ్యి కనబడేది ఇక్కడొక్కచోటే. దాన్ని కోసిపారేస్తావా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఇప్పుడెక్కడుంది నా మూత?" అంది అమ్మ.

"అక్కడే. లోపలి తాడు మీద."

"అది అక్కడుంటే మీ లెక్కలో నా పిల్ల ఇంకా లోపలున్నట్టేగా?"

అతను తల ఊపాడు.

"తెచ్చియ్యి."

"మరొకరి బిళ్ల మేము ముట్టుకోం పెద్దమ్మా. పోయినవాళ్లదైనా ముట్టుకోం. అలా ఉండిపోతాయంతే."

"మరొకరిదా?" అమ్మ కుర్చీలోంచి లేచింది. "నన్ను అడక్కుండా నా వంటింట్లోంచి ఎత్తుకుపోయిందది. అది దాని సొమ్మెలా అవుతుంది? మూత నాది. డబ్బా ఇంట్లోనే ఉంది, నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో. నీళ్లలో దేన్నీ ముట్టుకోమనడం లేదు నిన్ను. నా వస్తువు నాకు తెచ్చిపెట్టమంటున్నాను."

లైటాయన బల్ల మీదున్న కేబులు తీసి చేతికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్లీ చుట్టాడు.

"సరే పెద్దమ్మా" అన్నాడు.

"ఒక్కడివే వెళ్లకు. ఎవరినన్నా తోడు తీసుకుని వెళ్లు. వెళ్లినవాళ్లిద్దరూ కలిసి రండి."

గుమ్మం దగ్గర ఆగి, "మెట్లు దిగడానికి చెయ్యివ్వు" అని అమ్మ నన్ను కాక అతన్ని అడిగింది. ఇద్దరూ మెల్లగా దిగుతుంటే నేను పైనుంచి చూస్తూ తలుపుకు తాళం వేశాను.

తర్వాత కూర్పు పని నడిచింది. చెల్లెలు గీసిపెట్టుకున్న వరస ప్రకారమే లైటాయన షాట్లు పేర్చాడు. కొళాయి, పైపులు, పంపుహౌసు, ఊట, గుహ. నేను మాటలు రాశాను. కొట్టేసే మనిషి లేదు కనుక నేనే సగం కొట్టేశాను. చెయ్యి ఉన్న షాటు అలాగే ఉంది. చెల్లెలి దగ్గర నేర్చుకున్నవాళ్లను కొందరిని పిలిచి ఆ షాటు చూపించాం. ఒక అమ్మాయి ఏడ్చింది. మరొకతను లేచి లైటాయన దగ్గరకు వెళ్లి, అతని చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అతను పారిపోయి వచ్చాడన్న మాట తర్వాత నాకు ఎక్కడా వినబడలేదు.

ఆ చెయ్యి కనిపించేంతసేపూ ఏం వినిపించాలన్నది మిగిలింది. "బిళ్లను ఎప్పుడూ జరపకూడదు" అని రాశాను. అది తరగతి గోడకు అంటించే మాటలా ఉంది. "ఇది దర్శకురాలి చెయ్యి" అని రాశాను. పత్రికలో బొమ్మ కింద వేసే మాటలా ఉంది. ఏమీ రాయకుండా తన ఊపిరి చప్పుడు వదిలేద్దామని లైటాయన అన్నాడు. అది వింటూ అమ్మ కూర్చోలేకపోతుందని నేను ఒప్పుకోలేదు.

వానాకాలం వచ్చింది. వానల్లో గుహ నీళ్లు కలకబారతాయి, ఎవరూ దిగరు. ఈలోపు లైటాయన క్వారీలో మళ్లీ ఈత మొదలుపెట్టాడు. తోడుకు చెల్లెలి దగ్గర నేర్చుకున్న ఆ ఏడ్చిన అమ్మాయి ఒప్పుకుంది. ఒకరోజు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అమ్మే తలుపు తీసింది. వంటింట్లోకి తీసుకెళ్లి డబ్బా చూపించింది. లైటాయన డబ్బా మూతి చుట్టూ వేళ్లు తిప్పి, చూపు లేనిచోట తడిమినట్టు కళ్లు మూసుకుని కొలత చూసుకున్నాడు.

"అంచు కత్తిరించేశారు పెద్దమ్మా. ఇక బిగుసుకోదు" అన్నాడు.

"పైన పెడితే చాలు" అంది అమ్మ.

వానలు తగ్గాయి. నీళ్లు తేటబడ్డాయని పంపుహౌసు వాళ్లు చెప్పారు. లైటాయన, ఆ అమ్మాయి సామాను సర్దుకుని గుహ గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చారు. ఎందుకని మేము అడగలేదు. మళ్లీ వెళతామన్నారు.

ఆ షాటుకు నేను ఇంకా మాటలు రాయలేదు. ఉప్పు డబ్బా మీద ఇంకా సాసరే ఉంది.